ఏకపటలస్ఫటికములందుఁ గాంతిధ్రువణ ప్రభావము

పదార్థముమీఁదఁ గాంతి పడినప్పుడు అందలి ఎలక్ట్రానులు శక్తిని గ్రహించి పైస్థితులకుఁ బోవుననునది భౌతికశాస్త్రమునఁ జిరకాలమునుండి యెఱిఁగిన విషయమే. ఆ శక్తి కాంతి రంగును బట్టి యుండును. ఎఱ్ఱని కాంతికంటె నీలికాంతి యెక్కువ శక్తి నిచ్చును. కాని రంగు ఒక్కటియే యైనను, కాంతి కుడివైపునకుఁ దిరుగుచు వచ్చినదా, యెడమవైపునకుఁ దిరుగుచు వచ్చినదా యను భేదముచేత ఎలక్ట్రాను చేరు స్థానము మాఱునా యనునది వేఱు ప్రశ్న. పెక్కు పదార్థములందు ఈ భేదము కానరాదు. కొన్నిట నది పాక్షికముగాఁ గానవచ్చును. పరమాణుమాత్రమైన మందము గల కొన్ని యర్ధవాహకములందు మాత్రము ఆ తిరుగువైపే ఎలక్ట్రాను చేరు స్థానమును నిర్ణయించునని 2012లో మూఁడు పరిశోధక బృందములు వేఱువేఱుగాఁ బ్రకటించెను. ఆ నిర్ణయమునకు ఆధారమేమి? అది స్ఫటికపు నిర్మాణమువలననే కలిగినదని యెట్లు తెలియును? ఈ రెండు ప్రశ్నల నరయుటయే యీ వ్యాసపు టుద్దేశము.

ధ్రువణ మన నేమి

ఒక త్రాటికొనను గోడకుఁ గట్టి, రెండవకొనను జేతఁ బట్టుకొని మీఁదికిఁ గ్రిందికి నూపినచో, త్రాటిపైఁ బుట్టిన అల నిలువుగా నుండు ఒక్క తలముననే సాగిపోవును. ప్రక్కలకు నూపినచో అడ్డముగా సాగును. చేతిని గుండ్రముగాఁ ద్రిప్పినచో అల మరచుట్టువలె మెలిదిరుగుచుఁ బోవును. కాంతియు నిట్టి తరంగమే. దానియందుఁ గదలునది త్రాడు గాక విద్యుత్క్షేత్రము. ఆ క్షేత్రము ఒకే రేఖవెంట నూఁగుచున్నచో నది రేఖాధ్రువణము; మరచుట్టువలెఁ దిరుగుచున్నచో వృత్తధ్రువణము. సూర్యకాంతియందును దీపపుఁ గాంతియందును ఎల్లదిక్కుల కదలికలును గలసియుండుటచే నే ధ్రువణమును బయటపడదు.

ఈ పేరు వచ్చిన విధము పరిభాషాకర్తలు గమనింపఁదగినది. 1669లో డెన్మార్కు పండితుఁడు రాస్ముసు బార్తొలిను ఐస్‌లాండునుండి వచ్చిన యొక స్ఫటికముగుండఁ జూచిన వస్తువు రెండుగాఁ గనఁబడుటను వర్ణించెను. 1808లో ఫ్రాన్సు దేశీయుఁడు ఎతియెన్ లూయి మాల్యూసు పారిసునందలి లక్సెంబర్గు భవనపుఁ గిటికీ యద్దములనుండి ప్రతిఫలించిన సూర్యకాంతిని అట్టి స్ఫటికముగుండఁ జూచి, స్ఫటికమును ద్రిప్పినకొలఁది రెండు బింబముల వెలుఁగు హెచ్చుతగ్గు లగుచుండుటను గనిపెట్టెను. అయస్కాంతమునకు వలెఁ గాంతికణములకును ధ్రువములు గలవనియు, ప్రతిఫలించునప్పుడు అవి యన్నియు నొకే దిక్కునకుఁ దిరుగుననియు నతఁడు తలఁచెను. ఆ యూహనుండి పుట్టిన ఫ్రెంచిమాటకుఁ దెనుఁగైనదే ధ్రువణము. పిదప ఫ్రెనెల్ కాంతి యడ్డతరంగమని స్థాపించి, వృత్తధ్రువణమును గూడ వివరించెను. ధ్రువముల యూహ పోయినది; పేరు నిలిచినది.

వృత్తధ్రువణమున దక్షిణావర్తము, వామావర్తము అని రెండు భేదములు. ఇచ్చట నొక చిక్కు గలదు. ఆలయమునఁ బ్రదక్షిణము చేయువాఁడు శిఖరముమీఁదినుండి చూచినవానికిఁ గుడిచుట్టుగాఁ దిరుగుచున్నట్లు తోఁచును. నేల యద్దమై క్రిందినుండి చూడ వీలైనచో నెడమచుట్టుగాఁ దోఁచును. అట్లే కాంతి కెదురుగా నిలిచి చూచుటయుఁ, గాంతి వెనుకనుండి చూచుటయు నను రెండు సంప్రదాయములు శాస్త్రగ్రంథములందుఁ గలవు. ఒకరి దక్షిణావర్తము మఱియొకరి వామావర్త మగును. కావున రెండు ప్రయోగముల ఫలితములను బోల్చుటకు ముందు అవి యే సంప్రదాయమునకుఁ జెందినవో చూడవలెను. రెండు వైపులును భిన్నములనుట మాత్ర మే సంప్రదాయమునందైనను సత్యమే.

తిరుగు కాంతి తాను పడిన వస్తువునకుఁ గొంత త్రిప్పును గూడ నొసఁగును. దీనికిఁ గోణీయ ద్రవ్యవేగమని పేరు. 1931లో చంద్రశేఖర వేంకట రామనును, తెనుఁగువాఁడగు సూరి భగవంతమును గాంతి పరిక్షేపణమును బరిశీలించి, కాంతికణమగు ఫోటానునకు సహజమైన భ్రమణము గలదనుటకుఁ బ్రయోగనిదర్శనముఁ జూపిరి. 1936లో రిచర్డు బెత్ సన్నని పోగునకు వ్రేలాడఁగట్టిన స్ఫటికపు బిల్ల వృత్తధ్రువణము గల కాంతిచేఁ దిరుగుటను గొలిచెను. ఒక్కొక్క ఫోటాను మోసికొనివచ్చు త్రిప్పు ఒక వైపునకు +1 మానము, రెండవ వైపునకు -1 మానము. రేఖాధ్రువణము గల కాంతి యీ రెంటి సమానమైన కూడిక.

ఏకపటలము

మాలిబ్డినము డైసల్ఫైడు గనులలో దొరకు నల్లని ఖనిజము. పెన్సిలులోని గ్రాఫైటువలె జారుడు గలది; యంత్రములకుఁ గందెనగా వాడుదురు. ఆ జారుడునకుఁ గారణము పొరల నిర్మాణము. ఒక్కొక్క పొరలోని పరమాణువులు గట్టిగాఁ బెనఁగొనియుండును. పొరకును బొరకును నడుమ బంధము బలహీనము. ఇట్టి పొరలను జిగురుపట్టీతో నొలిచి, ఒకే పరమాణువు మందము గల గ్రాఫీనును 2004లో మాంచెస్టరునందు ఆండ్రీ గైము, కాన్‌స్టంటీను నొవొసెలొవు ప్రకటించిరి. ఆ కృషికి 2010లో నోబెలు బహుమానము లభించెను. 2005లో ఆ బృందమువారే మాలిబ్డినము డైసల్ఫైడును గూడ నట్లే యొలిచిరి. దాని యొక పొర మందము సుమారు 0.65 నానోమీటరు, ఒక మిల్లీమీటరు మందమునకుఁ బదునైదు లక్షలకుఁ బైగాఁ బొరలు పట్టును.

పొర యొక్కటియే మిగిలినప్పుడు పదార్థపు స్వభావమే మాఱును. అర్ధవాహకమున ఎలక్ట్రానులు నిండియుండు క్రిందిశ్రేణియు, అవి చేరఁదగిన పైశ్రేణియు, రెంటి నడుమ శక్తియం దొక యంతరమును నుండును. దిమ్మగా నున్న మాలిబ్డినము డైసల్ఫైడున నీ యంతరము సుమారు 1.3 ఎలక్ట్రాను వోల్టులు. ఏకపటలమునఁ గాంతి గ్రహణ మారంభమగునది సుమారు 1.9 ఎలక్ట్రాను వోల్టులయొద్ద. కాని ముఖ్యమైన భేద మది కాదు. దిమ్మయందుఁ బైశ్రేణి యడుగును గ్రిందిశ్రేణి శిఖరమును వేఱువేఱు ద్రవ్యవేగములయొద్ద నుండును. ఎలక్ట్రాను కాంతి నిచ్చుచు క్రిందికి దిగవలెనన్న స్ఫటికకంపనముల సాయము కావలెను. కాన వెలుఁగు మిక్కిలి యల్పము. ఏకపటలమున నవి యొక్క ద్రవ్యవేగమునొద్దనే యెదురెదురుగా నుండును. 2010లో కొలంబియా విశ్వవిద్యాలయమునందును బర్కిలీయందును వేఱువేఱుగా నీ సంగతి బయల్పడెను. ఏకపటలపు ప్రతిదీప్తి సామర్థ్యము దిమ్మకంటెఁ బదివేల రెట్లకు మించియున్నట్లు కొలంబియావారు కొలిచిరి. ఆ వెలుఁగు సుమారు 650 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల యెఱ్ఱని వెలుఁగు.

ముగ్గును ద్రోణులును

ఈ పొరను బైనుండి చూచినచోఁ బరమాణువులు తేనెపట్టువలె నాఱుమూలల గదులుగాఁ గనఁబడును. వాకిట ఆఱు చుక్కలు పెట్టి, ఒక చుక్కను బసుపుతోను, దాని ప్రక్కచుక్కను గుంకుమతోను, ఇట్లు మార్చిమార్చి దిద్దినట్లు భావింపవలెను. పసుపుచుక్కలు మాలిబ్డినము; కుంకుమచుక్కలు గంధకము. నిజమునకు గంధకము పైన నొకటి, క్రింద నొకటిగా నుండి, వాని నడిమి యెత్తున మాలిబ్డినపు వరుస యుండును. పైనుండి చూచునప్పుడు గంధకపు జంట యొకే చుక్కగాఁ దోఁచును. గది నడుమనుండి యొక పసుపుచుక్కకుఁ గల దూరమును గొలిచి, అంతే దూరము సరిగా వెనుకవైపునకుఁ బోయినచో దొరకునది పసుపు గాదు, కుంకుమ. అనఁగా నీ ముగ్గునకు విలోమసౌష్ఠవము లేదు. గ్రాఫీనున నాఱుచుక్కలును గర్బనమే కావున నందా సౌష్ఠవము గలదు.

మాలిబ్డినము డైసల్ఫైడు పొరలు రెండు సహజముగాఁ బేర్చఁబడినప్పుడు పైపొర క్రిందిపొరకు సగముచుట్టు తిరిగియుండును; పసుపుపైఁ గుంకుమయు, కుంకుమపైఁ బసుపును వచ్చును. అప్పుడు జంట కంతకును గలిపి విలోమసౌష్ఠవ మేర్పడును. ఒక్కపొరకు లేనిది రెండుపొరలకుఁ గలదు. తరువాతి వాదమంతయు నీ భేదముమీఁదనే నిలిచియున్నది.

ఇఁక ద్రోణులు. ఎలక్ట్రానుల శక్తిని వాని ద్రవ్యవేగమును బట్టి పటముగా గీసినచో నది కొండలును లోయలును గల నేలవలె నుండును. పైశ్రేణి యడుగునఁ గల పల్లములకు ద్రోణులని పేరు. ఇవి స్థలమునందలి లోయలు గావు. ఎలక్ట్రాను ఒక ద్రోణియం దున్నదనఁగా నది యొకచోట నున్నదని గాక, యొక నియతమైన ద్రవ్యవేగముతో నున్నదని యర్థము. ఈ స్ఫటికపు షట్కోణపటమున మూలలయొద్ద నిట్టివి రెండు జాతులు. వానిని బ్రథమద్రోణి, ద్వితీయద్రోణి యనవచ్చును. శక్తియందు రెండును సమానములు. ఒకటి మఱియొకదాని ప్రతిబింబము వంటిది. కావునఁ గాంతి రంగును మార్చి వానిని వేఱుపఱుప వీలులేదు. వేఱుపఱుపవలెనన్న మఱియొక గుణము కావలెను.

మూఁటి లెక్క

ప్రథమద్రోణికి సరిగాఁ గ్రిందనున్న శిఖరముననుండు ఎలక్ట్రాను మాలిబ్డినపుఁ బరమాణువును జుట్టి తిరుగు భ్రమణము +2 మానములు. ద్వితీయద్రోణికిఁ గ్రిందనున్న దాని భ్రమణము -2 మానములు. పైశ్రేణి యడుగున నీ భ్రమణము శూన్యము. కాఁబట్టి పైకెక్కుటకు రెండు మానముల మార్పు కావలెను. ఫోటాను తెచ్చునది యొక్క మానమే. లెక్క కుదురుట యెట్లు?

మూఁడక్షరముల తాళావర్తమున మూఁడు దాఁటినచో మఱల మొదటికే రావలెను గదా. అట్టి యావర్తమున రెండక్షరములు వెనుకకుఁ బోయినను, ఒక యక్షరము ముందునకుఁ బోయినను జేరుచో టొక్కటియే. ఈ స్ఫటికమును మూఁడవవంతు చుట్టు త్రిప్పినచో మునుపటివలెనే యుండును. కావున మూఁడు మానముల త్రిప్పు స్ఫటికపు లెక్కయందు శూన్యముతో సమానము, ఆ మూఁటిని జాలకమే భరించును. ప్రథమద్రోణియందు +2 నుండి శూన్యమునకుఁ బోవుట -2. మూఁటి లెక్కలో నది +1. ద్వితీయద్రోణియందు -2 నుండి శూన్యమునకుఁ బోవుట +2, అది -1. కాన +1 తెచ్చు ఫోటాను ప్రథమద్రోణియందును, -1 తెచ్చు ఫోటాను ద్వితీయద్రోణియందును మాత్రమే ఎలక్ట్రాను నెక్కింపఁగలదు. చిహ్నములు సంప్రదాయమును బట్టి మాఱవచ్చును. ఒక వైపున కొక ద్రోణి యను నియమము మాఱదు. సౌష్ఠవమునుండి యిట్టి నియమములను రాబట్టు గణితమును భౌతికశాస్త్రమున కన్వయించుచు భగవంతమును వేంకటరాయుఁడును గలసి యాంగ్లమున రచించిన గ్రంథమును 1948లో వాల్తేరునందలి ఆంధ్రవిశ్వకళాపరిషత్తు ప్రకటించెను.

విలోమసౌష్ఠవ ముండియున్నచో నేమగును? విలోమమున నెదుటి దిక్కు వెనుకయు, వెనుక దిక్కు ఎదురును నగును. రెండు ద్రోణులును దారుమాఱగును. కాని తిరుగువైపు మాత్రము మాఱదు. స్ఫటికము విలోమమున మాఱనిదైనచో, దక్షిణావర్తకాంతి ప్రథమద్రోణియందుఁ జేసినపనినే ద్వితీయద్రోణియందును జేసి తీరవలెను. అప్పు డెంపికకుఁ దావు లేదు. ఈ సంగతిని దీ షియావ్, వాంగ్ యావ్, చియెన్ న్యూ యనువారు గ్రాఫీనువంటి జాలకములను బట్టి 2007, 2008 సంవత్సరములందు గణితముచేఁ జూపిరి. 2012లో షియావ్, యావ్ ప్రభృతులు దానిని మాలిబ్డినము డైసల్ఫైడు ఏకపటలమున కన్వయించిరి.

మఱియొక విశేషము గలదు. మాలిబ్డినము బరువైన పరమాణువగుటచే, ఎలక్ట్రాను ఆత్మభ్రమణమును బట్టి క్రిందిశ్రేణి శిఖరము సుమారు 0.15 ఎలక్ట్రాను వోల్టు భేదముతో రెండుగాఁ జీలును. టంగ్‌స్టను గల పొరలందు నీ చీలిక 0.4 ప్రాంత ముండును. ఒక ద్రోణియొద్ద మీఁదిమెట్టున ఆత్మభ్రమణము పైవైపునకుఁ జూచుచున్నచో, రెండవ ద్రోణియొద్ద మీఁదిమెట్టునఁ గ్రిందివైపునకుఁ జూచును. కావున తగిన రంగు గల వృత్తధ్రువిత కాంతి ద్రోణితోఁబాటు ఆత్మభ్రమణమును గూడ నెంచును. గాలియము ఆర్సెనైడు మొదలగు పాతయర్ధవాహకములందు ఇట్టి చీలిక లేక రెండు మెట్లు శిఖరమునఁ గలసియుండుటచే, ఒకేవైపు తిరుగు కాంతియే మూఁడుపాళ్లు ఒక ఆత్మభ్రమణమును, ఒకపాలు వ్యతిరేకమును బుట్టించును. ఎంపిక నూటికి 50 వంతులను మించదు. ఏకపటలమున నట్టి మితి లేదు.

2012 నాఁటి పరీక్షలు

ద్రోణి కంటికిఁ గనఁబడునది కాదు. కాని యెక్కునప్పుడు గల నియమమే దిగునప్పుడును గలదు. ప్రథమద్రోణినుండి దిగు ఎలక్ట్రాను +1 ఫోటానును, ద్వితీయద్రోణినుండి దిగునది -1 ఫోటానును వెలువరించును. కావున ఒక వైపు తిరుగు కాంతిని బంపి, వచ్చు ప్రతిదీప్తి యేవైపునకుఁ దిరుగుచున్నదో చూచినచో సాక్ష్యము దొరకును. పంపినవైపు 65 పాళ్లు, వ్యతిరేకమున 35 పాళ్లు వచ్చినచో, భేదము 30, మొత్తము 100. ధ్రువణము నూటికి 30 వంతులు.

హాంగ్‌కాంగు బృందము సుమారు 30 వంతులును, పెకింగు విశ్వవిద్యాలయపు బృందము 50 వఱకును, కొలంబియా బృందము నూటికి నూఱు వంతుల సమీపమునను గనుఁగొనెను. పొర మిక్కిలి చల్లఁబఱుపఁబడి, పంపిన కాంతి శక్తి కావలసినదానికి దగ్గఱగా నున్నప్పుడే హెచ్చుఫలితము కలిగెను. శక్తి యెక్కువైనకొలఁది ధ్రువణము తగ్గెను.

ఐనను ధ్రువణమొక్కటి కనఁబడినంతమాత్రమున ద్రోణియే కారణమని చెప్పరాదు. ఆత్మభ్రమణమే నిలిచియుండి యట్టి ఫలితము నిచ్చియుండవచ్చును. దీనికి రెండు పరీక్షలు జరిగినవి. మొదటిది అయస్కాంతపరీక్ష. పొర తలమున అయస్కాంతక్షేత్రము నుంచినచో నాత్మభ్రమణములు సుడిదిరిగి ధ్రువణము నశింపవలెను. ఏకపటలమున నది తగ్గలేదు. రెండవది రెండుపొరల పరీక్ష. అదే ఖనిజపు రెండుపొరల తునుకయందు విలోమసౌష్ఠవ మున్నది గావున ధ్రువణము పోవలెను. హాంగ్‌కాంగు పరీక్షయం దది దాదాపు పోయెను. 2013లో సియాటిలునందు ఈ వాదమును విలోమముగాఁ బరీక్షించిరి: రెండుపొరల తునుకకు నిలువుగా విద్యుత్క్షేత్రము నిచ్చి పైపొరకును గ్రిందిపొరకును భేదము కల్పింపఁగా సౌష్ఠవము చెడి, క్షేత్రమును మార్చినకొలఁది ధ్రువణమును మాఱెను. సౌష్ఠవమే కారణమనుటకు నిది బలమైన ప్రమాణము.

ప్రమాణ విచారము

ఇచ్చట రెండు జాగ్రత్తలు కావలెను. మొదటిది కాలమును గూర్చినది. ధ్రువణపు టంకె రెండు కాలముల పోటీవలన నేర్పడును: ఎలక్ట్రాను కాంతినిచ్చి దిగిపోవుటకుఁ బట్టు కాల మొకటి, ఒక ద్రోణినుండి మఱియొకదానికి మాఱుటకుఁ బట్టు కాల మొకటి. రెండును సమానములైనచో నూటికి 50 వంతులే కనఁబడును. మాఱుటకుఁ బట్టు కాలము దిగుటకుఁ బట్టు కాలమునకుఁ దొమ్మిదిరెట్లైనచో 90 వంతులు కనఁబడును. కాఁబట్టి హెచ్చు ధ్రువణమును జూచి ఎలక్ట్రాను తన ద్రోణిని జిరకాలము మఱవదని నిశ్చయింపరాదు. మఱచుటకుఁ దీఱిక లేకుండ నది వెంటనే దిగిపోయియుండవచ్చును. వెనుకటి కొలఁతలవలన నీ సందేహము సార్థకమని తేలినది. పైకెక్కిన ఎలక్ట్రానును, అది విడిచిన ఖాళీయును ఈ పలుచని పొరయందు గట్టిగా నొకదాని నొకటి ఆకర్షించి జంటగాఁ దిరుగును. ఆ జంటలోని పరస్పరక్రియయే ప్రథమద్రోణి జంటను ద్వితీయద్రోణి జంటగా మార్చును. ఇది సెకండులో లక్షకోటివంతు కాలము కొన్నిట జరిగిపోవునంత శీఘ్రము.

రెండవ జాగ్రత్త రెండుపొరల పరీక్షను గూర్చినది. 2014లో టంగ్‌స్టను డైసల్ఫైడు రెండుపొరల తునుకయందు సౌష్ఠవ మున్నను హెచ్చు ధ్రువణము కనఁబడెను. ఇది నియమమునకు విరుద్ధము గదా యని తోఁపవచ్చును. కాని టంగ్‌స్టనున నాత్మభ్రమణపుఁ జీలిక మిక్కిలి పెద్దది. ఎలక్ట్రాను విడిచిన ఖాళీ యొకపొరనుండి మఱియొకపొరకుఁ బోవుట కష్టము. రెండు పొరలును దాదాపు వేఱుకాపురము చేయుచు, ఒక్కొక్కటి తన నియమమును దాను బాటించును. కావున వెలువడు కాంతి తిరుగుచున్నంతమాత్రమున అది ద్రోణికే సాక్ష్యమని చెప్పరాదు. అది ఆత్మభ్రమణమునకో, పొరకో సాక్ష్యము కావచ్చును. నియమము చెడలేదు, దాని నన్వయించు తావు సంకుచితమైనది.

రేఖాధ్రువణమును తరువాతి పరిశోధనలును

రేఖాధ్రువణము గల కాంతి రెండు వైపుల కూడిక యగుటచే రెండు ద్రోణులను గలిపి యెక్కించును. 2013లో సియాటిలునందు టంగ్‌స్టను డైసెలినైడు ఏకపటలముమీఁద రేఖాధ్రువిత కాంతిని బంపఁగా, వెలువడిన కాంతియు నా రేఖవెంటనే ధ్రువిత మయ్యెను. పంపిన రేఖను ద్రిప్పినకొలఁది వచ్చిన రేఖయుఁ దిరిగెను. రెండు ద్రోణులందలి జంటలును వేఱువేఱుగా నుండక, కాంతి తెచ్చిన పొందికను నిలుపుకొన్నవని దీనిభావము.

2014లో కార్నెలు విశ్వవిద్యాలయమునందు కాంతికి బదులు విద్యుత్తుచేతనే ద్రోణిని గుర్తించిరి. ఏకపటలముమీఁద వృత్తధ్రువిత కాంతిని బఱపి, పొడవునఁ బ్రవాహమును బంపఁగా, అడ్డముగా నొక చిన్న వోల్టేజి పుట్టెను. కాంతి తిరుగువైపును మార్పఁగా నా వోల్టేజి చిహ్నమును మాఱెను. రెండుపొరల తునుకయం దట్టిది కానరాలేదు. రెండు భిన్నపదార్థముల పొరలను బేర్చి, ఎలక్ట్రానును ఒక పొరయందును, ఖాళీని మఱియొక పొరయందును వేఱుపఱిచి, ద్రోణి జ్ఞాపకమును నానోసెకండుల పర్యంతము నిలుపుటయు 2016లో సాధ్యమయ్యెను. ద్రోణిని లెక్కల గుర్తుగా వాడు యంత్రముల యాశకు నిట్టి కాలవృద్ధియే మూలము.

కాంతికి ధ్రువములు లేవు, ఎలక్ట్రానున కెక్కుటకు నేలమీఁది లోయయు లేదు; ఐనను ధ్రువణము, ద్రోణి యను రెండు పేళ్లును నిలిచినవి. పాఠము చెప్పువారు ఆ పేళ్ల వెనుకనున్న యర్థమును విడిగాఁ జెప్పినచోఁ జదువరులకు భ్రాంతి కలుగదు. పరీక్షల విషయమునను నట్టి వివేకమే కావలెను. నూటికి ముప్పదియా, నూఱా యను నంకెలు పొరను బట్టి, చలిని బట్టి, కాలమును బట్టి మాఱుచుండును. మాలిబ్డినము డైసల్ఫైడున సౌష్ఠవమును జెఱిచినప్పుడు ధ్రువణము పుట్టుటయు, సౌష్ఠవమును నిలిపినప్పు డది యడఁగుటయు నను సంబంధమే యీ శాస్త్రమునకుఁ బునాది.